విద్యుత్ కారు: రంగు ఎంపిక, ఖర్చుల లెక్క

విద్యుత్ కారు ఆర్డరు పత్రంలో రంగుకు కేటాయించినది ఒక్క గడి మాత్రమే. కుటుంబంలో ఎక్కువ చర్చ జరిగేది మాత్రం ఆ గడి గురించే. బ్యాటరీ పరిమాణం, చార్జింగు ఏర్పాటు, బీమా, పన్ను అన్నవి విక్రేత చెప్పినట్లే సాగిపోతాయి. రంగు దగ్గర మాత్రం తాతగారి నుండి బడి పిల్లల వరకు అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు. పది సంవత్సరాలు రోజూ కంటికి కనబడే వస్తువు అది. అయితే రంగుకు కూడా ధర ఉంది, ఆ ధరను మిగిలిన ఖర్చుల పక్కన నిలబెట్టి చూడడం అవసరం.

రంగు ధర ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2025 జూలై 15న టెస్లా సంస్థ ముంబైలో తన మొదటి భారతీయ ప్రదర్శనశాలను తెరిచి, మోడల్ వై కారును 59,89,000 రూపాయల ప్రారంభ ధరకు ప్రకటించింది. ఆ ధరలో లభించే రంగు ఒక్కటే, ముదురు బూడిద రంగు. ముత్యపు తెలుపు గాని నలుపు గాని కావాలంటే అదనంగా 95,000 రూపాయలు. లేత నీలానికి 1,25,000. మెరిసే వెండి రంగుకు, గాఢమైన ఎరుపుకు 1,85,000. అంటే అదే కారు, అదే బ్యాటరీ, అదే మోటారు. తేడా అంతా మైక్రాన్లలో కొలిచే పూతలోనే. సాధారణ కుటుంబం కొనే కార్లలో ఈ తేడా ఇంత ఉండదు. ఎక్కువ రంగులు ఒకే ధరకు వస్తాయి. పైకప్పుకు వేరు రంగు, మెరుపులేని మ్యాట్ పూత వంటి వాటికి కొన్ని సంస్థలు విడిగా వసూలు చేస్తాయి. ఆ మొత్తం చిన్నదైనా అప్పులో కలిసిపోతుందని గుర్తుంచుకోవాలి. సంవత్సరానికి 9 శాతం వడ్డీకి, ఐదేళ్ల వాయిదాలకు తీసుకొన్న అప్పులో 20,000 రూపాయల రంగు చివరికి సుమారు 24,900 అవుతుంది. 1,85,000 రూపాయల రంగు 2,30,000 దాటుతుంది.

కారు పూత ఒకే పొర కాదు. ఇనుప రేకును ముందుగా విద్యుత్ ప్రవాహం ఉన్న రంగు తొట్టిలో ముంచి తుప్పును నిరోధించే పొరను ఎక్కిస్తారు. దానిపై ప్రైమరు, ఆపై రంగునిచ్చే పొర, అన్నిటిపైన పారదర్శకమైన రక్షణ పొర. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు లోపే. రంగు పొరలో అల్యూమినియం రేణువులు కలిపితే మెటాలిక్ అవుతుంది. మైకా రేణువులు కలిపితే ముత్యపు మెరుపు వస్తుంది. ఏమీ కలపకపోతే అది సాదా రంగు. ముత్యపు తెలుపు వంటివాటిలో రంగు పొరకు, రక్షణ పొరకు నడుమ ఇంకొక మెరుపు పొర కూడా ఉంటుంది. ధర పెరగడానికి ఇదొక కారణం. దీని ఫలితం కొన్న రోజున కాక, మొదటి గీత పడిన రోజున తెలుస్తుంది.

చెన్నైలో ఆ గీత పడడానికి ఎక్కువ కాలం పట్టదు. టి.నగర్‌లో పానగల్ పార్కు చుట్టూ పండుగ వారంలో ఒకసారి తిరిగి వస్తే చాలు. సాదా తెలుపును ఒక తలుపు వరకే దిద్ది సరిపెట్టవచ్చు. మెటాలిక్, ముత్యపు రంగులలో రేణువులు వాలిన తీరును బట్టి వెలుగు మారుతుంది కనుక, దిద్దిన తలుపు పక్క భాగాలతో కలవడానికి వాటిపై కూడా కొంత పూత పరచవలసి ఉంటుంది. మ్యాట్ పూతను పాలిష్ చేయడం అసలు కుదరదు. రుద్దితే ఆ చోట మెరుపు వచ్చి మచ్చగా నిలుస్తుంది. చిన్న గీతకైనా ఆ భాగం మొత్తం మళ్ళీ పూయాలి.

విద్యుత్ కారు విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. మరమ్మతు తరువాత రంగును వేడి గదిలో ఆరబెడతారు. అక్కడి వేడి సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. పెట్రోలు కారుకు అది సమస్య కాదు. నేల కింద పెద్ద బ్యాటరీ ఉన్న కారుకు మాత్రం తయారీదారులు తమ మరమ్మతు నిబంధనలలో ఉష్ణోగ్రతకు, సమయానికి హద్దులు పెడతారు. కనుక వీధి చివరి రంగుల షెడ్డులో తక్కువ ధరకు పని చేయించే అలవాటు ఇక్కడ మంచిది కాదు. తయారీదారు ఆమోదించిన మరమ్మతు కేంద్రంలో ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చులో బీమా ఎంత భరిస్తుందో ముందే తెలుసుకోవాలి. మన దేశపు ప్రామాణిక మోటారు పాలసీ ప్రకారం రంగు పనిలో సామగ్రి ఖర్చుపై 50 శాతం తరుగుదల కోస్తారు. బిల్లులో సామగ్రిని, కూలిని విడదీసి చూపకపోతే మొత్తం రంగు ఖర్చులో 25 శాతాన్ని సామగ్రిగా లెక్కిస్తారు. ప్లాస్టిక్ బంపర్లకు, బ్యాటరీలకు కూడా 50 శాతం తరుగుదల అన్న మాట అదే పాలసీలో ఉన్నది. ఆ ‘బ్యాటరీ’ అన్న పదం కారును నడిపే పెద్ద బ్యాటరీకి ఎలా వర్తిస్తుందో, తరుగుదల లేని అదనపు రక్షణ తీసుకొంటే ఏమి మారుతుందో బీమా సంస్థ నుండి వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎంపిక చేసిన రంగు ఎంత అరుదైనదైతే ఈ ప్రశ్న అంత ముఖ్యమవుతుంది.

ఎండ సంగతి వేరు. అగ్నినక్షత్రం రోజులలో ఆఫీసు బయట నిలిపిన నల్ల కారు తలుపు తీస్తే ముఖానికి తగిలే వేడి అందరికీ తెలిసినదే. దీన్ని కొలిచి చూసినవారు ఉన్నారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఒకే రకం కార్లు రెండింటిని, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, ఎండలో పక్కపక్కన నిలిపి పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వెండి కారు పైకప్పు నల్ల కారు పైకప్పు కంటే 25 డిగ్రీల వరకు చల్లగా ఉంది. లోపలి గాలి 5 నుండి 6 డిగ్రీలు తక్కువ వేడిగా ఉంది. లోపలిని చల్లబరచడానికి కావలసిన ఏసీ సామర్థ్యం వెండి కారుకు సుమారు 13 శాతం తక్కువ సరిపోతుందని వారు అంచనా కట్టారు. తెలుపు కూడా వెండి వలెనే ఎండను తిప్పి కొడుతుంది.

అయితే దీని నుండి పెద్ద ఆదాను ఆశించకూడదు. నడుస్తున్న కారులో ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు తీసుకొంటుందని అనుకొన్నా, 13 శాతం అంటే గంటకు 0.2 యూనిట్లు; యూనిట్ పది రూపాయలైతే రెండు రూపాయలు. ఏడాదికి 500 గంటలు నడిపితే వెయ్యి రూపాయలు. లేత రంగు వలన డబ్బు కలిసి వస్తుందన్న విక్రేత మాట ఆ వెయ్యి రూపాయల వరకే నిజం. ఎండలో నిలిపిన కారులోకి పసిపిల్లను ఎక్కించే తల్లికి ఆ ఐదారు డిగ్రీలు మాత్రం నిజమైన లాభం. నీడలో, భవనం కింది అంతస్తులో నిలిపే వారికి ఆ లాభం కూడా తక్కువే. వారు మనసుకు నచ్చిన రంగు తీసుకోవచ్చు. నలుపు నారాయణుడు మెచ్చు అన్న సామెత ఉండనే ఉన్నది.

నలుపును మెచ్చని వస్తువు ఈ నగరంలో ఒకటి ఉంది, బోరు నీరు. కఠిన జలంతో కడిగి ఎండలో ఆరనిస్తే సున్నపు చుక్కలు మిగులుతాయి. ముదురు రంగుపై అవి దూరం నుండే కనబడతాయి, తెలుపుపై కనబడవు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు, ఎన్నూరు వంటి సముద్ర తీర ప్రాంతాలలో ఉప్పు గాలి మరొక చిక్కు. ఉప్పు గాలికి రంగు భేదం లేదు. పూత పెచ్చు ఊడిన చోటు ఏ రంగులోనైనా తుప్పు పడుతుంది. అక్కడ రంగు కంటే పెచ్చును వెంటనే దిద్దించడం ముఖ్యం. ఇదే అదనుగా విక్రేతలు సెరామిక్ పూతను, రక్షణ పొరను అంటగట్టబోతారు. కర్మాగారంలో వేసిన రంగు కారు ధరలో భాగం కనుక దానిపై జీఎస్టీ 5 శాతమే. బయట చేయించే పూత పని సేవ కిందికి వస్తుంది, దానిపై 18 శాతం. ఆ పూతలు తప్పనిసరి కావు, వద్దు అనే హక్కు కొనుగోలుదారుకు ఉన్నది.

చట్టం కూడా రంగు గురించి కొంత చెబుతుంది. రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలో కారు రంగు నమోదై ఉంటుంది. తరువాత వేరే రంగు వేయిస్తే ప్రాంతీయ రవాణా కార్యాలయంలో ఆ మార్పును నమోదు చేయించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 121వ నియమం ప్రకారం ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణ శాఖ వాహనాలకే ప్రత్యేకం. కొనుగోలుదారు ఎంపికతో పనిలేని రంగు మరొకటి ఉంది. 2018 నుండి విద్యుత్ వాహనాల నంబరు పలక ఆకుపచ్చగా ఉంటుంది. సొంత వాహనమైతే తెల్ల అక్షరాలు, అద్దె వాహనమైతే పసుపు అక్షరాలు. నారింజ, ముదురు ఎరుపు కార్లకు ముందూ వెనుకా ఈ ఆకుపచ్చ పలక అతికి ఎలా ఉంటుందో ప్రదర్శనశాలలో కనబడదు, ఎందుకంటే అక్కడి కారుకు పలక ఉండదు.

ధరలో పన్నుల భాగం

రంగు తేడాలు వేలల్లో ఉంటే పన్ను తేడాలు లక్షల్లో ఉంటాయి. దీనికి చెన్నై సరిహద్దుల్లోనే మంచి ఉదాహరణ ఉన్నది. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై కర్మాగారం నుండి హ్యుందాయ్ సంస్థ కోనా ఎలక్ట్రిక్ కారును 2019 జూలై 9న 25.30 లక్షల రూపాయలకు విడుదల చేసింది. అప్పటికి విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 12 శాతం. అదే నెల 27న జీఎస్టీ మండలి దాన్ని 5 శాతానికి తగ్గించింది. ఆగస్టు 1 నుండి కారు ధర సుమారు 1.58 లక్షలు పడిపోయింది. మూడు వారాల తేడాలో అంత మొత్తం. కారుకు పన్ను బుకింగు రోజు లెక్కన కాక, బిల్లు వేసి వాహనం అప్పగించే నాటి లెక్కన పడుతుంది. అందుచేత ‘బుక్ చేసిన ధరే చివరి ధర’ అని ఎవరైనా నోటితో చెబితే, ఆ మాటను ఆర్డరు పత్రంలో వ్రాయించుకోవాలి.

విద్యుత్ కార్లపై జీఎస్టీ నేటికీ 5 శాతమే. పెట్రోలు కార్ల లెక్క మాత్రం 2025 సెప్టెంబరు 22 నుండి మారింది: చిన్న కార్లకు 18 శాతం, పెద్ద వాటికి 40 శాతం. చిన్న పెట్రోలు కారు అంతకు ముందు కంటే చవక అయింది కనుక, పాత పట్టికలు చూసి విద్యుత్ కారే లాభమని నిర్ణయించుకోవడం సరికాదు. రహదారి పన్నులో మాత్రం తేడా బలంగా ఉన్నది. తమిళనాడులో 2023 నవంబరు నుండి అమలైన జీవితకాల పన్ను ప్రకారం 10 నుండి 20 లక్షల కారుకు 18 శాతం కట్టాలి; 15 లక్షల పెట్రోలు కారుకు అది 2,70,000 రూపాయలు. బ్యాటరీ వాహనాలకు రాష్ట్ర ప్రభుత్వం ఈ పన్నును పూర్తిగా మినహాయిస్తూ వచ్చింది. అయితే ఈ మినహాయింపు గడువు తేదీలతో కూడిన ఉత్తర్వుల ద్వారా వస్తుంది. రిజిస్ట్రేషన్ జరిగే నాటికి అది అమలులో ఉన్నదా అన్నది రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అరుదైన రంగు కోసం రెండు నెలలు వేచి ఉండి, ఈలోగా గడువు దాటిపోతే, ఆ రంగు ఖరీదు 2,70,000 రూపాయలని లెక్క.

తెలుగు కుటుంబాలకు ఇందులో ఇంకొక కోణం ఉన్నది. ఉద్యోగరీత్యా నాలుగైదేళ్లలో హైదరాబాదుకో, విశాఖపట్టణానికో మారవలసి రావచ్చు. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి నమోదు చేయించాలి. నిరభ్యంతర పత్రం ఇక్కడి నుండి తీసుకోవాలి. పన్ను ఆ రాష్ట్రపు నిబంధనను బట్టి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో విద్యుత్ వాహనాలకు రహదారి పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించింది. దాన్ని ఆశించి బంధువుల చిరునామాతో అక్కడ నమోదు చేయించి కారును చెన్నైలో తిప్పడం చిక్కులు తెచ్చే పని.

పన్నుల విషయంలో ఇప్పటికీ తిరుగుతున్న పాత మాట ఒకటి ఉంది. విద్యుత్ కారు అప్పు వడ్డీపై 1,50,000 రూపాయల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుందన్నది. ఆ మినహాయింపు 2019 ఏప్రిల్ 1 నుండి 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే పరిమితం. కొత్త అప్పుకు వర్తించదు. కేంద్ర ప్రభుత్వపు ఫేమ్ రెండవ దశ రాయితీ కూడా సొంత కార్లకు ఎన్నడూ లేదు, దాని తరువాత 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లోనూ లేదు. మరొక వైపు, 10 లక్షలు దాటిన కారుపై విక్రేత వసూలు చేసే ఒక శాతం ఖర్చు కాదు. అది కొనుగోలుదారు పాన్ ఖాతాలో జమ అయ్యే పన్ను. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది దాన్ని మరిచిపోతారు.

నడిపే ఖర్చు

పెట్రోలు లీటరు 100 రూపాయలనుకొని, కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు 6 రూపాయల 70 పైసలు. విద్యుత్ కారు గోడ మీటరు నుండి తీసుకొన్న ఒక యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకొని, యూనిట్‌కు 10 రూపాయలు వేసినా కిలోమీటరుకు 1 రూపాయి 70 పైసలు. తేడా 5 రూపాయలు. నెలకు 1,000 కిలోమీటర్లు నడిపే కుటుంబానికి ఏటా 60,000. ఇప్పుడు రంగు వైపు తిరిగి చూస్తే, 1,85,000 రూపాయల రంగు ధర రాబట్టుకోవడానికి 37,000 కిలోమీటర్లు నడవాలి. నెలకు వెయ్యి చొప్పున మూడేళ్లు దాటుతుంది.

యూనిట్‌కు పది రూపాయలు ఎందుకు వేయాలన్నది తమిళనాడు విద్యుత్ బిల్లు తీరును బట్టి తెలుస్తుంది. ఇక్కడ ఇంటి బిల్లు రెండు నెలలకు ఒకసారి. మొదటి 100 యూనిట్లు ఉచితం. వాడకం 500 యూనిట్లు దాటితే పై యూనిట్ల ధర పెరగడమే కాక, కింది అంచెలలో ఉన్న రాయితీ కూడా కొంత పోతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు నడిచే కారు రెండు నెలలలో సుమారు 330 యూనిట్లు తీసుకొంటుంది. అంతకు ముందు 350 యూనిట్లు వాడే ఇల్లు దానితో 680కి చేరుతుంది, అంటే హద్దు దాటుతుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు వాహన చార్జింగుకు వేరే కనెక్షన్ కోరే హక్కును ఇచ్చాయి. వేరే మీటరుకు స్థిర రుసుము ఉంటుంది కనుక రెండు విధాలా లెక్క వేసి చూడాలి.

అద్దె ఇంటిలో ఉండేవారికి అసలు ప్రశ్న ఇక్కడే వస్తుంది. కారు నిలిపే చోట 15 ఆంపియర్ల సాకెట్ పెట్టడానికి ఇంటి యజమాని, నివాసుల సంఘం ఒప్పుకొంటారా? ఆ తీగ ఎవరి మీటరు నుండి వస్తుంది? ఇల్లు మారితే ఖర్చు ఎవరిది? ఈ అంగీకారం వ్రాతలో చేతికి వచ్చే వరకు బుకింగు సొమ్ము కట్టకపోవడమే మేలు. బయటి వేగ చార్జింగు కేంద్రాలపైనే ఆధారపడితే యూనిట్ ధర ఇంటి ధరకు రెట్టింపు కావచ్చు, పైన చెప్పిన 5 రూపాయల తేడా మూడుకు దగ్గరగా పడిపోతుంది. ఇంట్లో బిగించే చార్జరు ధరను కూడా వేరుగా అడగాలి. 2024 నవంబరు 26న చెన్నైలోనే విడుదలైన మహీంద్రా విద్యుత్ కార్లకు ప్రకటించిన ప్రారంభ ధరలో చార్జరు లేదు. దానికి వేరుగా 50,000 లేదా 75,000 రూపాయలు.

బ్యాటరీని అద్దెకు తీసుకొనే పద్ధతి మరొకటి. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ కారును 9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటరుకు 3 రూపాయల 50 పైసల అద్దెకు ప్రకటించారు. బ్యాటరీతో కలిపి కొంటే అప్పటి ధర 13.50 లక్షలు. తేడా 3.51 లక్షలు. అంటే సుమారు ఒక లక్ష కిలోమీటర్లు నడిచేసరికి అద్దె ఆ తేడాతో సమానమవుతుంది. నెలకు వెయ్యి నడిపేవారికి అది ఎనిమిదేళ్ల మాట. రోజూ తాంబరం నుండి ఓఎంఆర్ వరకు వెళ్లి వచ్చేవారికి నాలుగైదేళ్లే. తక్కువ నడిపేవారికి అద్దె మేలనిపిస్తుంది గాని, నెలకు ఇన్ని కిలోమీటర్లకు తగ్గకుండా కట్టాలన్న నిబంధన ఒప్పందంలో ఉంటే ఆ మేలు పోతుంది.

వరదలను లెక్కలో చేర్చకుండా చెన్నైలో ఏ కారూ కొనలేము. 2015 డిసెంబరు, 2023 డిసెంబరులోని మిచాంగ్ తుఫాను తరువాత, 2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి పైవంతెనపై కార్లు బారులు తీరాయి. బ్యాటరీకి ఐపీ67 రక్షణ అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట వరకు పరీక్షించారని అర్థం. రెండు రోజులు నీటిలో నిలిచిన కారుకు అది హామీ కాదు. నీటి నష్టానికి బ్యాటరీ రక్షణ అనే అదనపు బీమాకు, అరుదైన రంగుకు మధ్య ఒకటే ఎంచుకోవలసి వస్తే బీమానే ఎంచుకోవాలి. కింది అంతస్తు పార్కింగ్ ఉన్నవారికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

సొంత ఊరి ప్రయాణం బ్యాటరీ పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. చెన్నై నుండి తిరుపతి సుమారు 135 కిలోమీటర్లు, నెల్లూరు 175, విజయవాడ 450. ప్రకటిత దూరాన్ని కాక, యూనిట్‌కు 6 నుండి 7 కిలోమీటర్లని లెక్కిస్తే 42 యూనిట్ల బ్యాటరీ 250 నుండి 290 కిలోమీటర్లు ఇస్తుంది. నెల్లూరు వెళ్లడానికి చాలు. విజయవాడకు దారిలో ఒకటి రెండు చోట్ల ఆగాలి. కొత్త కారును పూజకు తిరుమలకు తీసుకొని వెళ్లేవారు ఘాటు ఎక్కడానికి అదనంగా నాలుగైదు యూనిట్లు చూసుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు శక్తి తిరిగి బ్యాటరీలోకి కొంత చేరుతుంది, కాని కొండపైనే వంద శాతం చార్జు చేసి దిగితే ఆ శక్తికి చోటుండదు.

ఇవన్నీ లెక్క చూసిన తరువాత ఆర్డరు పత్రంలో రంగు పేరుతో పాటు సంస్థ ఇచ్చిన రంగు సంకేతం, తయారైన నెల, సంవత్సరం, చార్జరు చేర్చారా లేదా అన్నవి వ్రాయించాలి. కారు వచ్చాక రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటి వెలుగులో, కడిగి తుడిచిన తరువాత చూడాలి. ప్రదర్శనశాల దీపాల కింద ఏ పూతైనా నున్నగానే కనబడుతుంది. బంపరు రంగు, పక్క రేకు రంగు ఒకటిగా ఉన్నాయా, తలుపు అంచులలో దిద్దిన గుర్తులున్నాయా అని వంగి పరిశీలించాలి. రవాణా మార్గంలో దెబ్బ తిని మళ్ళీ రంగు వేసిన భాగంలో పూత మందం మిగిలిన చోట్ల కంటే ఎక్కువ ఉంటుంది. మందం కొలిచే చిన్న పరికరం మరమ్మతు కేంద్రాలలో ఉంటుంది, చూపించమని అడగవచ్చు. ఆ పరిశీలన ముగిసి, లోపం లేదని తేలిన తరువాతనే నంబరుకు అనుమతి ఇవ్వాలి. నంబరు పడ్డాక ఆ కారు కొనుగోలుదారుదే. అప్పటి నుండి రంగులో తేడా కనబడినా మార్పిడి కోరడం చాలా కష్టం.